పెన్న గండి, దాని చుట్టుదారి

"గండి" యను మాట మన విద్యార్థులకు క్రొత్తది కాదు. చెరువునకు గండి పడెనని యింట పెద్దలు చెప్పుకొనగా వినియే యుందురు. కట్టను తెంచుకొని నీరు పోయిన చోటు గండి. కొండను త్రెంచుకొని నది పోయిన చోటును గండియే. కడపజిల్లాలో ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది సాగుచున్న చోట, ఆ చీలిక యంచున వెలసిన కోట గండికోట. దీనిని పత్రికలవారు భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అని పొగడుచున్నారు. అమెరికాలోని ఆ మహాగండి 446 కిలోమీటర్ల పొడవును, కొన్నియెడల 1,800 మీటర్లకు మించిన లోతును గలది. మన గండి లోతు సుమారు 300 అడుగులు. పరిమాణమున పోలిక నిలువదు. చక్కని సొంత పేరుండగా అరువు పేరేల యని మా తలంపు.

వాషర్‌మెన్‌పేటలో పుట్టి పెరిగిన మన పిల్లలు తెలుగు అక్షరమును ఇంటను బడిలోను తప్ప వేరెచ్చట చూతురు? వారికి ఈ ప్రయాణము సగము పాఠము వంటిది. తిరుత్తణి దాటి నగరి చేరగానే అంగడుల పేర్లు, బస్సుల పలకలు, మైలురాళ్లు తెలుగులోనికి మారును. ఒక్కొక్కటే కూడబలుకుకొని చదువుచు పోవచ్చును. పుత్తూరు, రేణిగుంట గడచిన పిదప శేషాచలము అడవి వచ్చును. బాలపల్లె దాటి కోడూరు చేరునప్పటికి మామిడి, అరటి తోటలు. రాజంపేట, నందలూరు, కోదండరామాలయమునకు ప్రసిద్ధి చెందిన ఒంటిమిట్ట, ఆపైన కడప. చెన్నపట్టణము నుండి కడపకు సుమారు 260 కిలోమీటర్లు. అచటినుండి ఎఱ్ఱగుంట్ల, ముద్దనూరు మీదుగ గండికోటకు మఱి యెనుబది కిలోమీటర్లు పోవలెను.

నందలూరు వద్ద చెయ్యేరు కనబడును. ఇది పెన్నకు ఉపనది. 2021 నవంబరు 19వ తేదీన ఈ యేటిపై నున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్టకు గండి పడి, దిగువ గ్రామములు కొట్టుకొనిపోయినవి; పలువురు ప్రాణములు కోల్పోయిరి. కావున గండి యనగా చూచి మురియదగినది మాత్రమే కాదు. లక్షల యేండ్లలో నది మెల్లగా చేసిన గండి యొకటి, ఒక్క యుదయమున పడిన గండి యొకటి, రెండును ఒకే దారిలో నున్నవి.

నీరు మెత్తనిది గదా, రాతి నెట్లు కోయునని పిల్లలు తఱచుగా అడుగుదురు. వట్టి నీరు కోయలేదు. వరద తనతో కొనివచ్చు ఇసుకయు గులకరాళ్లును ఆకురాయివలె నదీగర్భమును అరగదీయును. గండికోట రాయి నల్లరాయి యని కొందఱు వ్రాయుచున్నారు గాని, అది సరి కాదు. అది క్వార్ట్‌జైటు, అనగా పూర్వము నీటి యడుగున పొరలు పొరలుగా పేరుకొన్న ఇసుక, కాలక్రమమున బిగిసి మిక్కిలి గట్టిపడిన రాయి. అట్లు ఇసుక పేరుకొన్నది సుమారు నూఱు కోట్ల సంవత్సరముల క్రిందటనో, అంతకు మునుపో. గోడలను పరికించినచో బల్లపరుపు బండలను ఒకదానిపై నొకటి పేర్చినట్లు పొరలు అడ్డముగ కనబడును. నిలువుగ పగుళ్లును కనబడును. నది అడుగును తొలిచినకొలది పైబండలు ఆ పగుళ్ల వెంబడి విడివడి దిమ్మలుగా క్రిందికి జారును. అందుచేతనే గోడలు ఏటవాలుగ గాక నిట్టనిలువుగ నిలిచినవి. రాయి మెత్తనిదే యైనచో ఇచట గండికి బదులు విశాలమైన లోయ యొకటి యేర్పడి యుండెడిది.

పెన్న పుట్టుక కర్ణాటకములోని నంది కొండలు. ఇది 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరుజిల్లాలో సముద్రమున కలియును. దీనికి ఉత్తర పినాకిని యని పేరు. ఆ కొండలలోనే పుట్టి తమిళదేశమునకు మరలి కడలూరు చెంత సముద్రమును చేరునది దక్షిణ పినాకిని. మన పిల్లలు తమిళపాఠములలో చదువు తెన్‌పెణ్ణై యదియే. ఒకే యింట పుట్టిన యక్కచెల్లెండ్రలో ఒకతె తెలుగింటికిని, ఒకతె తమిళపుటింటికిని మెట్టినట్లు.

కోట విషయము క్లుప్తముగ చెప్పెదము. విజయనగరపు కాలమునుండి దీనిని పెమ్మసాని నాయకులు ఏలిరి. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీనిని వశపఱచుకొనెను. రెండేండ్ల పిదప ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఇచటికి వచ్చి అతనిని కలిసికొనెను. లోపల మాధవరాయ, రంగనాథ ఆలయములు, జామా మసీదు, ధాన్యపు కొట్టు చూడవలసినవి. కోటకు ఒకవైపున గండియే కందకము.

తలిదండ్రులు గమనింపవలసిన దొకటి కలదు. గండి యంచు పొడవునను అడ్డుగోడ లేదు. ఫోటోలకై బండల కొనలపై నిలుచుట ఇపుడు వేడుకయైనది. పదిమంది పిల్లల కొక పెద్దవాడు తోడు లేనిదే అచటికి కొనిపోరాదు. ఎండకాలమున రాయి కాలును గాన అక్టోబరు మొదలు ఫిబ్రవరి వఱకు పోవుట మేలు.

ఇక చుట్టుదారి. కోట దిగి జమ్మలమడుగు చేరి, అచటినుండి మైలవరము ఆనకట్టకు పోవలెను. గండిలోనుండి వెలువడిన పెన్న ఇచట సరస్సుగా పరచుకొనును. పిమ్మట ఉత్తరముగా కొలిమిగుండ్ల చెంతనున్న బెలుం గుహలు. వీనిలో కొలిచిన పొడవు 3,229 మీటర్లు. పెన్న క్వార్ట్‌జైటును పైనుండి అరగదీసెను. ఇచట భూగర్భజలము సున్నపురాతిని లోలోపల కరగించెను. అచటినుండి తాడిపత్రికి దిగినచో పెన్నయొడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయము. అదియు పెమ్మసానివారి కాలపుదే. తాడిపత్రినుండి కొండాపురము మీదుగ ముద్దనూరు చేరునపుడు గండికోట జలాశయము కనబడును. ఇది గండికి ఎగువనున్నది. దీని సామర్థ్యము 26.85 టీఎంసీలు. టీఎంసీ యనగా నూఱు కోట్ల ఘనపుటడుగులు.

ఆ నీటి యడుగున ఊళ్లు కలవు. 2020లో నీటిమట్టము పెంచినపుడు తాళ్లప్రొద్దుటూరు మున్నగు కొండాపురము ప్రాంతపు గ్రామములవారు ఇండ్లు విడిచిపోవలసి వచ్చెను. ఇచట నిలువ చేయునది శ్రీశైలమునుండి వచ్చు కృష్ణాజలము. దీనిని నగరివఱకు కొనిపోవలెనని సంకల్పము. అందుచేతనే పథకమునకు గాలేరు-నగరి యని పేరు. ఆ పని యింకను పూర్తికాలేదు. సరస్సును జూచి ఆహా యనునపుడు, దాని యడుగున ఒకప్పుడు వంటిండ్లుండెనని పిల్లలకు చెప్పవలెనని మేము తలంచుచున్నాము.

మన నీటి కథయు ఇట్టిదే. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు తమ కృష్ణాజలములనుండి తలకు 5 టీఎంసీలు మన నగరమునకు ఇచ్చుటకు అంగీకరించినవి. దారిలో ఆవిరియగునది పోగా 12 టీఎంసీలు సరిహద్దున అందవలెనని 1983లో ఒప్పందమయ్యెను. 1996లో నీరు వచ్చెను. శ్రీశైలమునుండి వెలుగోడు మీదుగ వచ్చి, కడప ప్రాంతమున పెన్నలో కలిసి, సోమశిలకును, అచటినుండి కండలేరునకును, పిదప 152 కిలోమీటర్ల కాలువలో సరిహద్దునకును, పూండికిని చేరును. అనగా గండికోట దాటి వచ్చిన పెన్న నీరును, కృష్ణ నీరును సోమశిలలో ఒకటై, అందులో కొంత మన కుళాయికి వచ్చుచున్నది. అనుకొన్నంత నీరు ప్రతియేడును రాదు. 2019 వేసవిలో నగరపు చెరువులెండి, లారీల వెంట బిందెలతో నిలిచినది మన తల్లులే గదా.

కాబట్టి తిరుగు ప్రయాణమున తిరుత్తణి దారి విడిచి, పుత్తూరునుండి నాగలాపురము, ఊత్తుకోట మీదుగ రావలెనని మా సూచన. ఊత్తుకోట సమీపముననే ఆ కాలువ తమిళనాట ప్రవేశించును. అది చూచుటకు అయిదు నిమిషములు చాలును. అచటినుండి పెరియపాళయము, రెడ్‌హిల్స్ దాటి ప్రొద్దుపోవులోపల పేటకు చేరవచ్చును.