కిరీటం ఉంటే రెండు

పాత ఇత్తడి గిన్నె నల్లబడితే చింతపండుతో తోముతారు. అడుగున ఉన్న పసుపు మెరుపు బయటపడుతుంది. రోజూ చేతులు మారే నాణేన్ని తోమేదెవరు? రెండు వేల ఏళ్ల కిందట రోమన్లకు ఎదురైన చిక్కు ఇదే.

అగస్టస్ చక్రవర్తి కాలం నుంచి రోమ్‌లో ‘యాస్’ అనే చిల్లర నాణేన్ని రాగితోనూ, దానికి రెట్టింపు విలువైన ‘డ్యుపాండియస్’ను ఇత్తడితోనూ చేసేవారు. రెండూ దాదాపు ఒకే సైజు. కొత్తలో ఒకటి ఎర్రగా, మరొకటి పసుపుగా ఉండేవి. చిలుము పట్టాక ఏది ఏదో పోల్చడం కష్టం. (వీటన్నిటినీ కలిపి ‘కంచు నాణేలు’ అనడం నేటి అలవాటు. కంచు రాగి, తగరాల మిశ్రమం. ఇత్తడిలో ఉండేది జింకు.)

నీరో పాలనలో, క్రీ.శ. 64 ప్రాంతంలో, దీనికి బొమ్మతోనే ఉపాయం దొరికింది. డ్యుపాండియస్ మీద చక్రవర్తి తలకు సూర్యకిరణాల కిరీటం పెట్టడం మొదలైంది. అంతవరకు ఆ కిరణాలు సూర్యదేవుడికి, మరణించాక దేవుడిగా ప్రకటించిన అగస్టస్‌కు గుర్తు. ఇప్పుడవి సంతలో లెక్కకు పనికొచ్చాయి. తర్వాతి పాలకుల కాలంలో ఈ పద్ధతి స్థిరపడింది: కిరీటం ఉంటే రెండు, ఆకుల దండో బోసి తలో అయితే ఒకటి. చదువు రానివారికి కూడా తెలిసే గుర్తు ఇది.

జనం నమ్మిన ఈ గుర్తునే 215లో కారకల్లా వాడుకున్నాడు. కిరణాల కిరీటంతో కొత్త వెండి నాణెం తెచ్చాడు. అది రెండు దినారాలకు సమానంగా చెలామణి అయిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అందులోని వెండి మాత్రం సుమారు ఒకటిన్నర దినారాలకే సరిపోతుంది! రాణుల నాణేలపై కిరీటం బదులు భుజాల కింద నెలవంక ఉండేది. రాజు సూర్యుడు, రాణి చంద్రుడు.

యుద్ధాల ఖర్చు పెరిగేకొద్దీ వెండి తగ్గింది. 270 నాటికి ఆ నాణెంలో మిగిలింది రెండు మూడు శాతమే. తక్కినదంతా దాదాపు కంచే, పైన పలుచని వెండి పూత. కిరీటం మాత్రం చెక్కుచెదరలేదు. ఆ కాలపు గాలియెనస్ నాణేలు కొన్నింటి వెనక వైపున న్యాయదేవత తక్కెడ పట్టుకుని నిలబడి ఉంటుంది.

ఈ పూత నేటి పరికరాలను సైతం తికమక పెట్టగలదు. ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ పరీక్షలో నాణేనికి హాని జరగదు, కానీ అది చదివేది పైపొరనే. వెండి ఎక్కువ ఉన్నట్టు చూపుతుంది. అందుకే పరిశోధకులు అంచున సన్నని రంధ్రం చేసి, లోపలి లోహపు పొడిని తీసి పరీక్షిస్తారు.