గామా నుంచి నానోటెస్లాకు: పానగల్ పరిసరాల డైకుల అధ్యయనంలో అయస్కాంత ప్రమాణాల మార్పిడి

వ్యాససంగ్రహం:
పాత భూఅయస్కాంత పటాల్లోని గామా విలువను నానోటెస్లాగా మార్చడానికి అంకె మార్చనవసరం లేదు. అదే నివేదికలోని శిలల అయస్కాంత వశ్యతను మార్చేటప్పుడు మాత్రం 4పై గుణకం తప్పనిసరి. ఈ భేదాన్ని విస్మరిస్తే దక్షిణ తెలంగాణ డైకుల వ్యాఖ్యానం ఏ విధంగా తారుమారవుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: గౌస్, టెస్లా, గామా, అయస్కాంత వశ్యత, డోలరైట్ డైకు, పానగల్.

1. ఉపోద్ఘాతం:
నల్లగొండ పట్టణానికి చేరువలోని పానగల్ కందూరు చోడుల రాజధానిగా, ఛాయా సోమేశ్వర, పచ్చల సోమేశ్వరాలయాల నెలవుగా ప్రసిద్ధం. భూభౌతిక శాస్త్రదృష్టిలో ఇది అతిప్రాచీన గ్రానైటు నేల. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎత్తుభూముల్లో ఈ గ్రానైటును చీల్చుకొని వచ్చిన డోలరైట్ డైకులు అనేకం. డైకు భూగర్భజల ప్రవాహానికి అడ్డుకట్టగా నిలవగలదు. అందువల్ల దాని హద్దులు, లోతు తెలుసుకోవడం ఫ్లోరైడ్ పీడిత ప్రాంతంలో జలాన్వేషణకు ఎంతో అవసరం. డోలరైట్‌లోని మాగ్నటైట్ కారణంగా మాగ్నెటోమీటర్ ఈ డైకులను గుర్తించగలుగుతుంది.

2. ప్రమాణాల పరిణామం:
1832లో గౌస్ భూఅయస్కాంత తీవ్రతను మిల్లీమీటరు, మిల్లీగ్రాము, సెకను ఆధారంగా కొలిచాడు. ఆ ప్రమాణం సి.జి.ఎస్. ప్రమాణంలో పదోవంతు. బ్రిటిష్ పరిశీలనశాలలు అడుగు, గ్రెయిన్, సెకనులను వాడాయి. ఆ ప్రమాణం ఒకటి 0.046108 గౌస్‌కు సమానం. కనుక పాత పట్టికలో 8.000 అని ఉంటే, అది 36,886 నానోటెస్లా అవుతుంది. చివరి దశాంశ స్థానంలో 1 తేడా వచ్చినా దాదాపు 4.6 నానోటెస్లా మారుతుంది కాబట్టి, ఫలితంలో అంతకు మించిన కచ్చితత్వాన్ని చూపరాదు.

1960లో తూనికలు, కొలతల సార్వత్రిక మహాసభ టెస్లాను స్వీకరించింది. 1 టెస్లా 10,000 గౌస్‌లు. గౌస్‌లో లక్షోవంతు గామా. అదే 1 నానోటెస్లా. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పరిశీలనశాల 1964 నుంచి నమోదుచేస్తున్న విలువలను పాత గామా పటాలతో పోల్చడానికి ఈ సమానత్వమే ఆధారం.

3. క్షేత్ర తీవ్రత - అభివాహ సాంద్రత:
1930లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక కమిషన్ క్షేత్ర తీవ్రతకు ఓయర్‌స్టెడ్, అభివాహ సాంద్రతకు గౌస్ అనే పేర్లను కేటాయించింది. అంతకుముందటి రచనల్లో క్షేత్ర తీవ్రతకే గౌస్ అని కనిపిస్తుంది. శూన్యంలో, ఆచరణలో గాలిలోనూ, ఈ రెండింటి అంకెలు సమానం కావడంతో సి.జి.ఎస్. పద్ధతిలో గందరగోళం బయటపడదు. ఎస్.ఐ. పద్ధతిలో ఇవి వేర్వేరు రాశులు: 1 గౌస్ 10⁻⁴ టెస్లా కాగా, 1 ఓయర్‌స్టెడ్ మీటరుకు 79.577 ఆంపియర్లు. అయస్కాంత వశ్యతకు ప్రమాణమే లేదు. అయినా సి.జి.ఎస్. విలువను 4పై, అంటే 12.566తో గుణిస్తేనే ఎస్.ఐ. విలువ వస్తుంది. పక్కన ప్రమాణం పేరు లేని ఈ అంకె వద్దనే పొరపాటుకు ఎక్కువ అవకాశం ఉంది.

4. ఉదాహరణ:
పానగల్ వంటి చోట భూక్షేత్రం 43,000 గామాలనీ, పాత నివేదికలో డోలరైట్ వశ్యత 0.002 సి.జి.ఎస్. అనీ, అవశిష్ట అయస్కాంతీకరణ మీటరుకు 0.5 ఆంపియరనీ అనుకుందాం.

సరైన మార్పిడి: వశ్యత 0.0251, క్షేత్ర తీవ్రత మీటరుకు 34.2 ఆంపియర్లు. వీటి లబ్ధమైన ప్రేరిత అయస్కాంతీకరణ మీటరుకు 0.86 ఆంపియర్. అవశిష్ట, ప్రేరితాల నిష్పత్తి 0.58. అంటే ప్రేరితమే ప్రధానం.

తప్పు మార్పిడి: 0.002నే ఎస్.ఐ. విలువగా తీసుకుంటే ప్రేరితం 0.068కి పడిపోతుంది, నిష్పత్తి 7.3 అవుతుంది. అవశిష్టమే ప్రధానమన్న విపరీత నిర్ణయం వెలువడుతుంది. డైకు నమూనాలో అయస్కాంతీకరణ దిశ, పరిమాణం రెండూ మారి, గణించిన హద్దు, లోతు నమ్మదగనివవుతాయి. వాటిని నమ్మి వేసిన బోరు నీరు పడే చోటును తప్పిపోవచ్చు.

5. ముగింపు:
• గామాను నానోటెస్లాగా రాయడం పేరు మార్పు మాత్రమే. వశ్యతకు 4పై గుణకం తప్పదు.
• పాత రచనలోని గౌస్ ఏ రాశిని సూచిస్తున్నదో రచనాకాలాన్ని బట్టి నిర్ధారించుకోవాలి.
• సిద్ధాంతవ్యాసాల పట్టికల్లో వశ్యత పక్కన "ఎస్.ఐ." లేదా "సి.జి.ఎస్." అని విధిగా పేర్కొనాలి. పాత కొలతలను రాబోయే పరిశోధకులు పునర్వినియోగించుకోవడానికి ఈ ఒక్క పదం ఎంతో తోడ్పడుతుంది.