పూల కంచె అని నాటిన, కోడె పాణం మీదికొచ్చింది

నాలుగేండ్ల కింద బాయికాడ కంచె ఎయ్యాల్నని నర్సరీకి పోయిన. కడీలు, ముళ్లతీగ కొనేటంత పైసల్లేవు. నర్సరాయన ఒక మొక్క చూపిచ్చిండు. ఒక్క గుత్తిలనే పసుపు, గులాబి, ఎరుపు పూలు. "నీళ్లు ఎక్కువ అక్కర్లే, మేక ముట్టది, రెండేండ్లల్ల గోడ లెక్క అయితది" అన్నడు. అబద్ధం చెప్పలే. అన్నట్టే అయింది.

దాని పేరు లాంటానా. తలంబ్రాల చెట్టు అంటరు, కొన్ని దిక్కుల పులికంప అంటరు. గుట్టల పొంటి మేకలు కాసిన పోరలకు దీని గురించి చెప్పే పనిలేదు, చేతుల మీద గీతలే చెప్తయ్.

పోయిన ఎండకాలం గడ్డి దొరకక మా కోడె ఆ కంచెనే బుక్కింది. నాలుగు రోజులకు మేత బందు పెట్టింది. కండ్లు పచ్చగయినయ్. ఎండల నిలవడితే ముక్కు మీది తోలు పగిలి ఊడుడు మొదలైంది. పశువుల డాక్టరు వచ్చి కోడె కంటే ముందు కంచె దిక్కు చూసిండు. ఆ ఆకుల విషం లివర్‌ను కొడతదట. పచ్చమేత అరిగినప్పుడు పుట్టే ఒక పదార్థాన్ని లివరే బయటికి పంపాలె. అది పనిచెయ్యకపోతే ఆ పదార్థం నెత్తుర్ల తిరుగుతది, దానికి ఎండ తగిలితే తోలు కాలుతది. అందుకే ముందు నీడకు కట్టేయమన్నడు. కోడె బతికింది, మచ్చ మాత్రం పోలే. మామూలుగ పశువు దాని వాసనకే దూరం జరుగుతది. ఆకలి మీదున్నదో, అంగట్ల కొత్తగ కొనుక్కొచ్చిందో అయితేనే నోరు పెడతది. పచ్చికాయలు చిన్నపిల్లలు తినకుండ గూడ చూడాలె.

అసలు ఇది మన నేలది కాదు. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా దేశాలది. తెల్లోళ్లు యూరప్‌ల పూలతోటలకు పట్కపోయిన్రు. 1800ల మొదట్ల ఈస్టిండియా కంపెనోళ్లు కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు తెచ్చిన్రు. ఆడికెళ్లి బంగ్లాల కంచెలకు, కంచెలకెళ్లి అడివికి. మోసింది పిట్టలు. నల్లగ పండిన కాయను పికిలిపిట్ట తిని ఏడ రెట్ట ఏస్తే ఆడ మొలుస్తది. మన దేశంల పులులు తిరిగే అడవుల్ల 40 శాతం కంటే ఎక్కువ జాగను ఇది పట్టిందని 2020ల అచ్చయిన ఒక పరిశోధనల అంచనా ఏసిన్రు. దాని పొద కింద గడ్డి లేవది. గడ్డి లేకపోతే దుప్పి ఏం తినాలె, మన చేన్లకు రాక ఏం జేస్తది? ఎండకాలం నిప్పు పడితే ఈ పొదే మంటను పైకొమ్మల దాక ఎక్కిస్తది. కాలినంక అందరికంటే ముందు చిగురు పెట్టేది గూడ ఇదే. తునికాకుకు, ఇప్పపువ్వుకు పోయేటోళ్లకు దారే దొరకది.

ఇది మన దగ్గరి ముచ్చట ఒక్కటే కాదు. అమెరికాల జార్జియా రాష్ట్రంల ఉండే మా బావ వీడియో కాల్‌ల ఇంటిచుట్టు నున్నగ కత్తిరిచ్చిన పచ్చటి కంచె చూపిచ్చిండు. ప్రివెట్ అంటరట. 1852ల చైనా నుంచి అందం కోసం తెచ్చిన జాతి అది, ఇప్పుడు ఆడి దక్షిణ రాష్ట్రాల్ల వాగుల ఒడ్ల పొంటి అల్లుకున్నది. ఆడ గూడ గింజలు మోసింది పిట్టలే. కత్తెర పట్టేటోడు ఉన్నంతసేపే అది కంచె. రెండేండ్లు ఇడిసిపెడితే పూత, కాత, ఇగ దాని రాజ్యం.

నేను ముందు గొడ్డలితోటి నరికి కాలపెట్టిన. తప్పు. ఒక్క మోడుకు పది చిగుర్లు లేచినయ్. ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సి.ఆర్. బాబు చెప్పిన పద్ధతి తర్వాత తెలిసింది. కాండం, ఏరు కలిసేకాడనే మల్ల చిగురు పుడతది. అందుకని మన్ను తీసి, ఆ జాగకు కింద ఏరును తెంపాలె. పీకిన మోడును తలకిందులు పెట్టాలె, మట్టి తగిలితే మల్ల పట్టుకుంటది. కాయ పండకముందే, వానకు మన్ను మెత్తబడ్డప్పుడు చేస్తే నడుముకు సుఖం. ఆ తర్వాత రెండు మూడేండ్లు చెట్ల కింద, తీగల కింద, పిట్టలు వాలేకాడ మొలకలు పీకుతనే ఉండాలె.

కర్ణాటకల మలె మహదేశ్వర గుట్టల సోలిగలు దీని కట్టెతోటి కుర్చీలు, బల్లలు అల్లుతరు. గూడలూరు దిక్కు ఆదివాసులు నిలువెత్తు ఏనుగు బొమ్మలు చేస్తే లండన్ పార్కుల దాక పోయినయ్. మంచిదే. గట్లని అమ్ముకుందామని ఎవలన్న పెంచుతరేమో, జర ఆగున్రి.

కంచెకు మనకు ఏం తక్కువ? మైదాకు ఉన్నది, వాయిలి ఉన్నది, వాయిలిని మేక గూడ ముట్టది. ముళ్లు కావాల్నంటే వాక్కాయ పెట్టున్రి, తొక్కుకు గూడ పనికొస్తది. నర్సరీల మొక్క కొనేముందు రెండు మాటలు అడుగున్రి: కాయ కాస్తదా, ఆ కాయను పిట్ట తింటదా?

మొన్న అదే నర్సరీకి పోతే లాంటానా ఇంకా ఉన్నది, కొత్త రంగులల్ల. మా బాయికాడ సగం కంచె పీకిన, మైదాకు నాటిన. మిగిలిన సగానికి మొదటి వాన పడంగనే గడ్డపార పట్టాలె.