మీ వీధి రోడ్డు వేసిన కాంట్రాక్టర్‌కు మార్కులు ఎవరు వేస్తారు?

మౌలాలిలో మీ వీధికి కొత్త సీసీ రోడ్డు పడిందనుకుందాం. ఏడాది తిరక్కుండానే పైపొర లేచిపోయి కంకర బయటపడింది. కొన్నాళ్లకు అదే కాంట్రాక్టర్ పక్క వీధిలో మరో పని మొదలుపెట్టాడు. ‘ఇంత నాసిరకంగా చేసినవాడికి మళ్లీ పని ఎలా ఇచ్చారు?’ అని కాలనీ వాట్సాప్ గ్రూపులో చర్చ మొదలవుతుంది.

చాలాసార్లు దీనికి జవాబు చిన్నదే. మీ రోడ్డు పాడైన సంగతి మీకు తెలుసు, కానీ టెండర్ కాగితాల్లో ఎక్కడా లేదు. అక్కడ ఉన్నది ‘పని సంతృప్తికరంగా పూర్తయింది’ అన్న సర్టిఫికెట్ మాత్రమే.

మరి కాంట్రాక్టర్ పనితీరును ప్రభుత్వ శాఖలు ఎలా అంచనా వేస్తాయి? ఎక్కడ రాస్తాయి? ఆ రికార్డులోకి మీ ఫిర్యాదు చేరాలంటే ఏం చేయాలి?

ముందుగా, ఆ పని ఎవరిది?

మౌలాలి చుట్టుపక్కల రెండు మూడు కిలోమీటర్లు తిరిగితే నాలుగైదు శాఖల పనులు కనిపిస్తాయి. కాలనీ రోడ్డు, వరదనీటి కాలువ మున్సిపల్ కార్పొరేషన్‌వి. మంచినీటి పైపులైను జలమండలిది. రైల్వే స్టేషన్, ఎంఎంటీఎస్ లైను దక్షిణ మధ్య రైల్వే పరిధిలోవి. ఉప్పల్ దాటి వరంగల్ వైపు వెళ్లేది జాతీయ రహదారి.

ఏ శాఖ టెండర్ దానిదే, ఏ శాఖ ఫైలు దానిదే. రైల్వే పనిలో ఇబ్బంది పెట్టిన కాంట్రాక్టర్ సంగతి మున్సిపల్ ఇంజినీర్‌కు దానంతట అదే తెలిసిపోదు. కాబట్టి ఫిర్యాదు చేసేముందు ఆ పని ఏ శాఖదో తేల్చుకోవాలి.

పని జరుగుతున్నప్పుడు: ఎం-బుక్

కాంట్రాక్టర్ పనికి సంబంధించిన అసలు రికార్డు మెజర్‌మెంట్ బుక్. ఆఫీసుల్లో అందరూ ‘ఎం-బుక్’ అంటారు. రోడ్డు పొడవు, వెడల్పు, మందం ఎంతో కొలిచి అసిస్టెంట్ ఇంజినీర్ ఇందులో రాస్తారు. పైఅధికారి సరిచూస్తారు. దాని ఆధారంగానే బిల్లు తయారవుతుంది.

నాణ్యత పరీక్షలు వేరుగా ఉంటాయి. కాంక్రీటు పోసేటప్పుడు క్యూబ్‌లు తీసి, 28 రోజుల తర్వాత వాటి బలం పరీక్షిస్తారు. తారు రోడ్డయితే కోర్ కట్ చేసి మందం చూస్తారు. ఈ నివేదికలు క్వాలిటీ కంట్రోల్ విభాగం నుంచో, థర్డ్ పార్టీ ఏజెన్సీ నుంచో వస్తాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఎం-బుక్ చెప్పేది ‘ఎంత పని జరిగింది’ అని. ‘ఎలా నిలబడింది’ అన్నది అందులో ఉండదు. అది తెలియడానికి కనీసం ఒకట్రెండు వానాకాలాలు గడవాలి. అప్పటికి బిల్లులో ఎక్కువ భాగం చెల్లించేసి ఉంటారు.

గ్యారంటీ గడువు, ఆపిన డబ్బు

అందుకే ఒప్పందంలో ‘డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్’ అని ఒక గడువు పెడతారు. ఆ గడువులో లోపం బయటపడితే కాంట్రాక్టర్ సొంత ఖర్చుతో బాగుచేయాలి. రెండేళ్లు అన్నది తరచూ కనిపించే గడువు. పనిని బట్టి ఇది మారుతుంది, ఒప్పందంలో రాసిందే లెక్క.

దీనికి పూచీగా కొంత డబ్బు ప్రభుత్వం దగ్గర ఉంటుంది. టెండర్ వేసినప్పుడు, ఒప్పందం రాసుకున్నప్పుడు ఈఎండీ కడతారు. ఆ తర్వాత ప్రతి బిల్లులోనూ కొంత శాతం సెక్యూరిటీ డిపాజిట్‌గా పట్టి ఉంచుతారు. అందులో కొంత భాగం గ్యారంటీ గడువు ముగిశాకే తిరిగిస్తారు.

అంటే మీ వీధి రోడ్డుకూ ఒక వారంటీ కార్డు ఉంది. అది మీ చేతికి ఇవ్వరు, అంతే. గడువులోపు లోపం రికార్డుకెక్కితే మరమ్మతు ఖర్చు కాంట్రాక్టర్‌ది. గడువు దాటితే అదే రోడ్డుకు మళ్లీ టెండర్, మళ్లీ మన పన్నుల డబ్బు.

పని పూర్తయ్యాక: ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్

పని ముగిశాక కాంట్రాక్టర్‌కు అనుభవ ధ్రువపత్రం ఇస్తారు. మన రాష్ట్రాల్లో సాధారణంగా ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ జారీ చేస్తారు, సూపరింటెండింగ్ ఇంజినీర్ ప్రతిసంతకం చేస్తారు. పని పేరు, విలువ, పూర్తయిన తేదీ, చేసిన పరిమాణాలు ఇందులో ఉంటాయి. తర్వాతి టెండర్‌కు కాంట్రాక్టర్ జతచేసేది ఈ కాగితాన్నే.

కేంద్ర ప్రజాపనుల విభాగం సీపీడబ్ల్యూడీ నమూనా పత్రం ఇంకాస్త ముందుకెళ్తుంది. పని నాణ్యత, ఆర్థిక స్థోమత, సాంకేతిక నైపుణ్యం, వనరులు సమకూర్చుకునే సామర్థ్యం, ప్రవర్తన అనే అయిదు అంశాల్లో ‘అత్యుత్తమం’ నుంచి ‘పేలవం’ దాకా రేటింగ్ ఇవ్వమంటుంది.

అయితే ఏ సర్టిఫికెట్‌ను టెండర్‌కు జతచేయాలో ఎంచుకునేది కాంట్రాక్టరే. చెడిన పని తాలూకు కాగితం జతచేయాలని ఎవరికి ఉంటుంది?

టెండర్‌లో ఏం చూస్తారు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో వచ్చిన జీవో 94 ఇంజినీరింగ్ పనుల టెండర్లకు ఒక పద్ధతి తెచ్చింది. అందులో ముఖ్యమైనది బిడ్ కెపాసిటీ లెక్క. గత అయిదేళ్లలో ఏదైనా ఒక ఏడాది చేసిన గరిష్ఠ పని విలువను కొత్త పనికి పట్టే ఏళ్లతో గుణించి, దాన్ని రెట్టింపు చేస్తారు. అందులోంచి చేతిలో ఉన్న పనుల విలువ తీసేస్తారు.

ఉదాహరణకు ఒక కాంట్రాక్టర్ ఓ ఏడాది గరిష్ఠంగా రూ.4 కోట్ల పని చేశాడు. కొత్త పని గడువు ఏడాది. చేతిలో రూ.3 కోట్ల పనులున్నాయి. రెండు నాలుగులు ఎనిమిది, అందులో మూడు పోతే అయిదు. అంటే రూ.5 కోట్ల పని వరకు అతనికి సామర్థ్యం ఉన్నట్టు.

ఈ లెక్క చెప్పేది కాంట్రాక్టర్ స్థాయిని. వేసిన రోడ్డు నిలిచిందా, లేదా అన్నది ఇందులోకి రాదు. పనులు మధ్యలో వదిలేసిన, విపరీతంగా ఆలస్యం చేసిన రికార్డు ఉంటే అనర్హులను చేయొచ్చని టెండర్ షరతుల్లో ఉంటుంది. ఆ షరతు పనిచేయాలంటే మాత్రం ఎవరో ఒకరు ఆ రికార్డు రాసి ఉండాలి. అర్హత దాటాక తక్కువ ధరకు ‘లెస్’ వేసినవాళ్లదే పని.

పని చెడితే: నోటీసు నుంచి బ్లాక్‌లిస్ట్ దాకా

మన కళ్లముందున్న ఉదాహరణ ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్. సుమారు 6.2 కిలోమీటర్ల ఈ వంతెనకు 2018లో శంకుస్థాపన జరిగింది. 2020 నాటికి పూర్తి కావాల్సింది. భూసేకరణ, కరెంటు స్తంభాలు, పైపులైన్ల తరలింపు, కాంట్రాక్ట్ సంస్థ ఆర్థిక ఇబ్బందులు కారణాలుగా వినిపించాయి. చివరికి పాత కాంట్రాక్టును రద్దు చేసి మళ్లీ టెండర్లు పిలవాల్సి వచ్చింది. అన్నేళ్లూ కింద గుంతల రోడ్డు మీద నడిచింది ఉప్పల్, బోడుప్పల్, మేడిపల్లి జనం.

‘అంతకాలం ఎందుకు ఊరుకున్నారు?’ అంటే, కాంట్రాక్టర్‌ను తప్పించడం ఒక్క సంతకంతో అయ్యే పని కాదు. రైల్వే ఒప్పందాల్లోనైతే ముందు ఏడు రోజుల నోటీసు, తర్వాత 48 గంటల నోటీసు, ఆపైనే రద్దు. రాష్ట్ర పనుల్లో ‘60సీ’ అన్న మాట వార్తల్లో వినే ఉంటారు. పనిలో కొంత భాగాన్ని ఒకరి నుంచి తీసి మరొకరికి అప్పగించే నిబంధన అది. పోలవరం పనుల సమయంలో ఈ పేరు మార్మోగింది.

బ్లాక్‌లిస్ట్ చేయాలంటే ముందుగా సంజాయిషీ అడగాలి. వాదన వినకుండా బ్లాక్‌లిస్ట్ చేయకూడదని సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది. కేంద్ర ఆర్థికశాఖ 2021 నవంబర్ మార్గదర్శకాల ప్రకారం ఒక మంత్రిత్వశాఖ విధించిన నిషేధం ఆ శాఖ టెండర్లకే వర్తిస్తుంది. అన్ని శాఖలకూ వర్తించాలంటే వ్యయ విభాగం ప్రత్యేకంగా ఆదేశం ఇవ్వాలి. ఒకచోట వేటు పడినవాళ్లు మరోచోట కనిపించడానికి ఇదొక కారణం.

మార్కుల పద్ధతి ఎక్కడుంది?

జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ 2025లో రోడ్ల నిర్వహణ సంస్థలకు రేటింగ్ మొదలుపెట్టింది. లేజర్ పరికరాలున్న వాహనాలతో ఎగుడుదిగుళ్లు, గుంతలు, పగుళ్లు వంటివి కొలుస్తారు. రేటింగ్‌లో 80 శాతం బరువు రోడ్డు స్థితికే. నూటికి 70 కంటే తగ్గితే, లోపాలు సరిదిద్దేవరకు కొత్త పనులకు అర్హత ఉండదు.

అమెరికా ప్రభుత్వం ఇంకో అడుగు ముందుంది. శాఖలన్నీ కలిపి ఒకే డేటాబేస్ నడుపుతాయి. ప్రతి పెద్ద కాంట్రాక్టుకు అయిదు స్థాయుల్లో రేటింగ్ ఇస్తారు, కాంట్రాక్టర్ తన వాదన కూడా రాయొచ్చు. నిర్మాణ పనుల రేటింగ్ ఆరేళ్లపాటు నిలిచి ఉంటుంది. కొత్త పని ఇచ్చేముందు అధికారులు దాన్ని చూస్తారు.

కాలనీ రోడ్ల విషయంలో ఈ పని చేయగలిగేది ప్రస్తుతానికి గడువులోపు అందిన ఫిర్యాదే.

మీరేం చేయొచ్చు?

పని మొదలైన రోజే: పని వివరాల బోర్డు ఉంటే ఫొటో తీసుకోండి. లేకపోతే వార్డు ఇంజినీరింగ్ సిబ్బందిని పని పేరు, ఏజెన్సీ పేరు అడగండి.

రోడ్డు పడ్డాక: తేదీ కనిపించేలా ఫొటోలు దాచండి. తర్వాత పైపులైను కోసం ఎవరైనా తవ్వితే, తవ్వకముందు, తవ్వాక కూడా తీయండి. ‘మేం బాగానే వేశాం, జలమండలి తవ్వింది’ అన్న వాదన వచ్చినప్పుడు ఇవే ఆధారం.

లోపం కనిపిస్తే: ‘రోడ్డు బాలేదు’ అని రాయకండి. ‘ఫలానా వీధి, ఫలానా ఇంటి నుంచి ఫలానా ఇంటి వరకు, గ్యారంటీ గడువులోనే పాడైంది. కాంట్రాక్టర్‌తో సరిచేయించి, నోటీసు ప్రతి ఇవ్వండి’ అని రాసి, అందినట్టు రసీదు తీసుకోండి. ఫోన్‌లో చెప్పింది ఫైలుకెక్కదు.

సమాచార హక్కు దరఖాస్తు: రూ.10 ఫీజుతో ఒప్పందం నంబరు, పని పూర్తయిన తేదీ, గ్యారంటీ ముగిసే తేదీ, ఎం-బుక్ పేజీలు, నాణ్యత నివేదికలు, ఇచ్చిన నోటీసులు, డిపాజిట్ తిరిగిచ్చారా లేదా, అనుభవ ధ్రువపత్రం నకలు అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు వేయొచ్చు. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, ధ్రువీకరించిన నమూనాలు తీసుకునే హక్కు కూడా ఈ చట్టంలోని సెక్షన్ 2(జే) ఇస్తోంది.

వీటన్నిట్లో ముందుగా తెలుసుకోవాల్సింది గ్యారంటీ ముగిసే తేదీ. డిపాజిట్ చేతికి వెళ్లిపోయాక కాంట్రాక్టర్‌ను వెనక్కి పిలవడం కష్టం. వచ్చే వానాకాలం లోపు మీ వీధి తేదీ కనుక్కుని కాలనీ గ్రూపులో పిన్ చేసి పెట్టండి.