ముల్లు గాయం – సూక్ష్మజీవి పొరలోని ఋణావేశం

కోసిగి ప్రాంతపు మెట్టచేలలో తుమ్మముల్లు గుచ్చుకుంటే పసుపు పెట్టుట మన ఇండ్ల ఆనవాయితీ. పసుపు అందకముందే చర్మం తన రక్షణకు తానే పూనుకుంటుంది. చర్మకణాలు, తెల్లరక్తకణాలు ధనావేశం గల చిన్న మాంసకృత్తులను విడుదల చేస్తాయి. బాక్టీరియా పొరలోని ఫాస్ఫాటిడైల్ గ్లిసరాల్, కార్డియోలిపిన్ అనే కొవ్వులకు ఋణావేశం కలదు. విరుద్ధావేశాలు ఆకర్షించుకొనుటచేత ఆ మాంసకృత్తులు పొరకు అంటుకొని దానిని ఛిద్రం చేస్తాయి. మన కణాల వెలుపలి వైపున ఆవేశం లేని కొవ్వులే అధికం, కనుక మనకు హాని స్వల్పం. హైదరాబాదు సి.సి.ఎం.బి.లో ఆర్. నాగరాజ్ ఇట్టి మాంసకృత్తులపైనే పరిశోధించారు.

శత్రువు మాత్రం తక్కువదా! చీము పట్టించే స్టెఫిలోకాకస్ తన కొవ్వుకు ధనావేశం గల లైసిన్‌ను తగిలించుకొని ఆకర్షణను తగ్గించుకుంటుంది. ప్రాణాపాయ స్థితిలో వాడే కోలిస్టిన్ మందు కూడా కొన్ని బాక్టీరియాల వెలుపలి పొరలోని ఋణావేశాన్ని పట్టుకొనియే పనిచేస్తుంది. ఆ ఆవేశాన్ని తగ్గించి, ఒక బాక్టీరియా నుండి మరొకదానికి ప్రాకే జన్యువు 2015లో చైనాలో బయటపడింది. కోళ్ళ దాణాలో ఈ మందును కలుపుటను మన ప్రభుత్వం 2019లో నిషేధించింది. ఆలస్యమైనా మంచి పనే.

ముల్లు లోతుగా దిగితే సబ్బునీటితో కడిగి, ధనుర్వాతం సూది విషయం వైద్యుని అడగండి. చీము పట్టినా, మధుమేహమున్నా ఇంటివైద్యంతో కాలయాపన చేయరాదు. పాత చీటీతో యాంటీబయాటిక్ కొని మింగరాదు.