ఎనిమిది మాటలే వచ్చిన కంప్యూటర్

దానికి కూడిక వచ్చు, తీసివేత రాదు. గుర్తుపెట్టుకోగలిగింది 4,096 అంకెలు. తెలిసిన ఆజ్ఞలు ఎనిమిది. ఇప్పటి పిల్లల ఆటబొమ్మలో ఉండే చిప్ కూడా దాన్ని చూసి నవ్విపోతుంది! కానీ, కంప్యూటర్‌ని అద్దాల గదిలోంచి బయటికి రప్పించి, పనిచేసే మనిషి పక్కన కూర్చోబెట్టింది అదే. పీడీపీ-8 కథ ఇది.

అరవైల నాటి కంప్యూటర్ సెంటర్‌ని ఒకసారి ఊహించుకోండి. ఏసీ గది. అద్దాల గోడ. లోపల బీరువాల్లాంటి పెట్టెల వరుస. బయట కిటికీ దగ్గర క్యూ. ప్రోగ్రాము రాసినవాళ్లు కార్డుల కట్ట ఆ కిటికీలో ఇచ్చి వెళ్లిపోవాలి. ఆపరేటర్ వంతు ప్రకారం దాన్ని లోపల పెడతాడు. సాయంత్రానికో మర్నాటికో ఫలితం అచ్చయిన కాగితం చేతికొస్తుంది. ఒక్క కామా తప్పు పడిందా... మళ్లీ క్యూ! పోనీ ఆ యంత్రమైనా సొంతమా అంటే అదీ కాదు. ఐబీఎం లాంటి కంపెనీల నుంచి నెలనెలా అద్దెకు తెచ్చుకున్నవే ఎక్కువ. యంత్రం ఖరీదైనది, దాంతో పోలిస్తే మనిషి సమయం చవక. కాబట్టి యంత్రం ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండకూడదు, ఎదురుచూసేది మనిషే. అదీ అప్పటి లెక్క.

1965 మార్చి 22న అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్- పొట్టిగా డెక్- ఆ లెక్కను తిరగేసింది. అది ప్రకటించిన పీడీపీ-8 ధర 18,000 డాలర్లు. డాలరు 4.76 రూపాయలున్న రోజులవి. అంటే సుమారు 86 వేల రూపాయలు. చవకేం కాదు. కానీ యూనివర్సిటీలో ఒక విభాగమో, ఫ్యాక్టరీలో ఒక షెడ్డో తన సొంతానికి కొనుక్కోగలిగే ధర. సైజు చిన్నపాటి ఫ్రిజ్ అంత. టాపు తీసేసిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారులో దాన్ని పెట్టి తీసిన ప్రచార చిత్రం ఇప్పటికీ కంప్యూటర్ చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తుంది. ‘మినీ కంప్యూటర్’ అనే పేరు స్థిరపడింది కూడా ఈ రోజుల్లోనే. మినీ స్కర్టులు, మినీ కార్లు ఊపేస్తున్న బ్రిటన్ నుంచి డెక్ అధికారి ఒకరు పంపిన అమ్మకాల నివేదికలో సరదాగా వాడిన మాట అలా అతుక్కుపోయిందని చెబుతారు.

ఉన్ని మిల్లులో కాపురం

డెక్ పుట్టింది 1957లో. ఎంఐటీ వారి లింకన్ ల్యాబ్‌లో పనిచేసిన కెన్ ఓల్సెన్, హార్లన్ ఆండర్సన్ దాన్ని పెట్టారు. జార్జి డోరియో నడిపే పెట్టుబడి సంస్థ 70 వేల డాలర్లు ఇచ్చింది. బోస్టన్‌కి దగ్గర్లో మేనార్డ్ అనే ఊళ్లో మూతబడిన ఉన్ని మిల్లులో కొంత భాగం అద్దెకు తీసుకున్నారు. ఇక్కడో తమాషా. కంప్యూటర్ల వ్యాపారంలో పెద్దపెద్ద కంపెనీలే నష్టపోతున్న కాలమది. అసలు ‘కంప్యూటర్’ అన్న మాటే ఎత్తొద్దని పెట్టుబడిదారులు చెప్పారు. అందుకే తర్వాత యంత్రాలు తయారుచేసినప్పుడు వాటికి ‘ప్రోగ్రామ్డ్ డేటా ప్రాసెసర్’ అని పేరు పెట్టారు. పీడీపీ అంటే అదే. కంప్యూటర్ చరిత్రలో ఇంత పేరున్న యంత్రం పేరులో కంప్యూటర్ అన్న మాటే లేదు!

పీడీపీ-8కి అమ్మలాంటిది 1963లో వచ్చిన పీడీపీ-5. దాని పుట్టుక వెనక ఓ అణు రియాక్టర్ ఉంది. కెనడాలోని చాక్ రివర్ అణు కేంద్రం వాళ్లకి రియాక్టర్ కొలతలు చదివి పెద్ద కంప్యూటర్‌కి అందించే పెట్టె ఒకటి కావాల్సి వచ్చింది. ఆ ఒక్క పనికి ప్రత్యేకంగా సర్క్యూట్లు అల్లేబదులు చిన్న కంప్యూటర్‌నే తయారుచేస్తే పోలేదా అన్నాడు గోర్డన్ బెల్. ఎడ్సన్ డి కాస్ట్రో అనే కుర్ర ఇంజినీరు చేసి చూపించాడు. 27 వేల డాలర్లకు అమ్మిన ఆ యంత్రాన్నే మరింత వేగంగా, మరింత చవగ్గా మలిచి డి కాస్ట్రో పీడీపీ-8 చేశాడు.

చవక ఎలా వచ్చింది? తలుపు తీసి చూస్తే తెలుస్తుంది. లోపలంతా అరచేతి సైజు కార్డులు. వాటిని ఫ్లిప్ చిప్‌లు అనేవారు. పేరులో చిప్ ఉన్నా ఇప్పటి చిప్‌కీ దానికీ సంబంధం లేదు. విడివిడి ట్రాన్సిస్టర్లు, డయోడ్లు టంకం వేసిన చిన్న పలకలవి. మొత్తం యంత్రంలో ఉన్నవి సుమారు 1,400 ట్రాన్సిస్టర్లు, పదివేలకు పైగా డయోడ్లు. డయోడు చవక, ట్రాన్సిస్టర్ ఖరీదు... అందుకని వీలైనచోటల్లా డయోడ్లతోనే పని కానిచ్చారు. కార్డులన్నిటినీ కలిపే వేల తీగల్ని మనుషులతో కాకుండా మెషీన్‌తో చుట్టించారు. తయారీ ఖర్చు తగ్గింది అక్కడే.

గిన్నె ఒక్కటే!

పెద్ద యంత్రాలు 36 బిట్ల కట్టలతో లెక్కలు చేస్తుంటే పీడీపీ-8 కట్ట పన్నెండు బిట్లే. బిట్లు తగ్గితే తీగలు తగ్గుతాయి, కార్డులు తగ్గుతాయి, ధర తగ్గుతుంది. ప్రయోగశాలలో ఉష్ణోగ్రతో పీడనమో కొలవడానికి 4,096 మెట్లు చాలవా? చాలు. పన్నెండు బిట్లతో వచ్చేవి అన్నే.

ఆ పన్నెండింటిలో మూడు బిట్లు ఆజ్ఞకు పోతాయి. మూడు బిట్లతో ఎనిమిది ఆజ్ఞలకు మించి కుదరదు. కూడటం, దాచడం, ఫలానాచోటికి దూకడం... ఇలాంటివే. ఇక్కడే నాకు ఆ ఇంజినీర్ల పొదుపు చూస్తే ముచ్చటేస్తుంది. లెక్కలన్నీ జరిగే ‘అక్యుములేటర్’ని ఒక గిన్నె అనుకోండి. వంటింట్లో గిన్నె అదొక్కటే. మెమరీలోంచి అంకెను తెచ్చి గిన్నెలో వేసే ఆజ్ఞ ఈ యంత్రానికి లేదు. ఉన్నది ‘ఉన్నదానికి కలుపు’ ఒక్కటే. మరెలా? గిన్నెలోది మెమరీలో దాచే ఆజ్ఞ, దాచాక గిన్నెను కడిగి సున్నా చేసి పెడుతుంది. ఖాళీ గిన్నెకు ఏది కలిపినా అదే మిగులుతుంది కదా! అలా ఒకే ఆజ్ఞతో రెండు పనులు. తీసివేతకూ అదే కిటుకు. అంకెలోని బిట్లన్నీ తిరగేసి, ఒకటి కలిపితే రుణ సంఖ్య వస్తుంది. దాన్ని కూడితే సరి.

చిరునామాల తంటా ఇంకోటి. ఆజ్ఞకు మూడు బిట్లు పోను, మరో రెండు ఇతర అవసరాలకు పోను, చిరునామా రాయడానికి మిగిలేవి ఏడే. వాటితో చెప్పగలిగేది 128 ఇళ్ల వరకే. అందుకని 4,096 ఇళ్ల ఊరిని వీధికి 128 ఇళ్ల చొప్పున 32 వీధులు చేశారు. ఆజ్ఞ తానున్న వీధిలోకి గానీ, ఊళ్లోని మొట్టమొదటి వీధిలోకి గానీ నేరుగా వెళ్లగలదు. మిగతా ఎక్కడికి వెళ్లాలన్నా అసలు చిరునామాను ఒక చీటీ మీద రాసి ఈ రెండు వీధుల్లో ఏదో ఒకచోట పెట్టుకోవాలి. ప్రోగ్రామర్లకు ఇది చిరాకే. కానీ ఆ ఇరుకులోనే ఫోర్‌ట్రాన్ నడిపారు, ఫోకల్ అనే చిన్న భాషను నడిపారు. తర్వాతి మోడళ్లలో మెమరీ పెంచుకుని ఒకే యంత్రం మీద పలువురు ఒకేసారి పనిచేసుకునే ఏర్పాటూ చేశారు.

ఇక ఆ మెమరీ. ఆవగింజంత ఫెర్రైటు ఉంగరాలు, వాటి గుండా దూరిన సన్నటి రాగి తీగలు. ఒక్కో ఉంగరం ఒక్కో బిట్టు. 4,096ను పన్నెండుతో హెచ్చవేస్తే 49,152 ఉంగరాలు! ఇన్నీ కలిపి ఇప్పటి లెక్కలో 6 కేబీ. 3 ఎంబీ ఫోన్ ఫొటో ఒక్కటి దాచాలంటే ఇలాంటివి అయిదొందలు కావాలి. ఉంగరాన్ని చదివితే అందులోది చెరిగిపోతుంది, అందుకని చదివిన ప్రతిసారీ మళ్లీ రాయాల్సిందే. ఈ చదవడం-రాయడం మొత్తం సెకనులో పదిలక్షల వంతుల్లో ఒకటిన్నర వంతులో అయిపోయేది. అన్నిటికంటే గొప్ప సుగుణం- అయస్కాంతం కాబట్టి కరెంటు పోయినా లోపలున్నది చెరగదు.

గుట్టు విప్పి ఇచ్చారు

నా దృష్టిలో పీడీపీ-8 అసలు గొప్పతనం ధర కాదు, గుట్టు లేకపోవడం. డెక్ తన యంత్రం లోపల ఏం జరుగుతుందో, ఏ తీగకు మీ పరికరాన్ని ఎలా తగిలించుకోవాలో వివరిస్తూ చవక కాగితం మీద హ్యాండ్‌బుక్‌లు అచ్చేసి పంచిపెట్టింది. దాంతో రసాయన ప్రయోగశాలల వాళ్లు తమ పరికరాలకు దీన్ని తగిలించుకున్నారు. వేరే కంపెనీలు దీన్ని కొని, తమ యంత్రాల్లో బిగించి, తమ పేరుతో అమ్ముకున్నాయి. పత్రికలూ వెనకబడలేదు. వార్తల్ని కాలమ్ వెడల్పుకు సరిగ్గా సర్ది, పదాన్ని ఎక్కడ విరవాలో చూసుకునే టైప్‌సెట్టింగ్ పనికి పీడీపీ-8ను వాడుకున్నాయి. బళ్లకూ చేరింది. 1973లో డెక్ ఉద్యోగి డేవిడ్ ఆల్ బేసిక్ భాషలో 101 కంప్యూటర్ ఆటల పుస్తకం తెస్తే, దాన్ని అచ్చేసింది కూడా డెక్కే. క్యూలో కార్డుల కట్ట ఇచ్చి వెళ్లిపోయే మనిషి, యంత్రం ముందు కూర్చుని తప్పు చేసి, దిద్దుకుని, మళ్లీ నడిపి చూసుకునే మనిషిగా మారాడు.

చిన్న కంప్యూటర్ అణు ప్రయోగశాల అవసరంలోంచి పుట్టడం మన దగ్గరా జరిగింది. చాక్ రివర్‌లోని ఎన్‌ఆర్‌ఎక్స్ నమూనాలో కెనడా సాయంతో కట్టిన సైరస్ రియాక్టర్ ట్రాంబేలో 1960లో మొదలైంది. అదే ట్రాంబేలో మన శాస్త్రవేత్తలు 1969లో టీడీసీ-12 తయారుచేశారు. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్నమాట. ఇదీ పన్నెండు బిట్లదే! దాన్ని ఉత్పత్తి చేసే బాధ్యత 1967లో హైదరాబాద్‌లో పెట్టిన ఈసీఐఎల్‌ది. ఆ సంస్థను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు మనిషి. ఏఎస్ రావు నగర్ బస్సెక్కేవాళ్లలో ఎందరికి తెలుసో గానీ, ఆ పేరు ఆయనదే. టీడీసీ-12 తర్వాత ఈసీఐఎల్ నుంచి టీడీసీ-312, పదహారు బిట్ల టీడీసీ-316 వచ్చాయి.

చిన్నది తెచ్చినవాళ్లే...

మొదటి పీడీపీ-8లు అమ్ముడైంది పదిహేను వందలలోపే. కానీ దాని తమ్ముళ్లు వరసగా వచ్చారు. 1966లో వచ్చిన 8/ఎస్ పదివేల డాలర్లలోపే దొరికేది గానీ, ఒక్కో బిట్టే లెక్కచూసే రకం. అన్న కంటే పది రెట్లకు పైగా నెమ్మది. 1968లో ఐసీలతో 8/ఐ, 1970లో అన్నిటికన్నా పేరు తెచ్చుకున్న 8/ఇ. డెబ్బైలు ముగిసేసరికి ఈ కుటుంబం 50 వేలు దాటింది. 1975లో ఇంటర్‌సిల్ కంపెనీ మొత్తం ప్రాసెసర్‌ని ఒక్క చిప్‌లో ఇమిడ్చింది. ఆ తరహా చిప్‌లతో డెక్ అమ్మిన డెక్‌మేట్ వర్డ్ ప్రాసెసర్లు ఎనభైల్లోనూ ఆఫీసుల్లో ఉత్తరాలు టైపు చేశాయి. వాటి ముందు కూర్చున్నవాళ్లకు లోపల నడుస్తున్నవి 1965 నాటి ఎనిమిది ఆజ్ఞలేనని తెలిసే అవకాశమే లేదు.

డి కాస్ట్రో మాత్రం అన్నాళ్లు ఆగలేదు. ఇంకా మెరుగైన యంత్రానికి అతను వేసిన ప్లాన్‌ను డెక్ పక్కన పెట్టింది. 1968లో బయటికొచ్చి డేటా జనరల్ పెట్టాడు. మరుసటేడే పదహారు బిట్ల నోవాతో పాత కంపెనీకే పోటీ ఇచ్చాడు. డెక్ 1970లో పీడీపీ-11 తెచ్చి నిలదొక్కుకుంది. ఎనభైల చివరికి ఐబీఎం తర్వాత స్థానం తనదే అనిపించుకుంది. లక్షకు పైగా ఉద్యోగులు! కానీ కంప్యూటర్ మరో మెట్టు దిగి బల్ల మీదికి, ఇంట్లోకి వచ్చేసరికి మాత్రం తడబడింది. పీసీలు చేసింది గానీ, జనానికి నచ్చేలా చేయలేదు. ఓల్సెన్ 1992లో తప్పుకున్నాడు. 1998లో డెక్‌ను కొనుక్కున్నది ఎవరో తెలుసా? పీసీల కంపెనీ కాంపాక్!

పదహారు అంకెలు

పాత పీడీపీ-8లు ఇప్పటికీ కొన్ని మ్యూజియాల్లో, అభిమానుల ఇళ్లలో పనిచేస్తూనే ఉన్నాయి. అసలుది దొరకనివాళ్లు రాస్ప్‌బెర్రీ పై బోర్డుతో నడిచే నకలు కిట్ తెచ్చుకుని లైట్లు వెలిగించుకుంటున్నారు. దీన్ని నిద్రలేపడం ఓ తతంగం. ఆన్ చేయగానే తనంతట తాను మొదలవడానికి ఇందులో ఏమీ ఉండదు. పేపర్ టేపు చదవడం ఎలాగో కూడా దానికి మనమే నేర్పాలి. ముందు పలక మీద పన్నెండు స్విచ్‌లుంటాయి. మూడు స్విచ్‌లకు ఒక అంకె, సున్నా నుంచి ఏడు వరకు. మొదట 7756 అని చిరునామా పెట్టి మీట నొక్కాలి. తర్వాత 6032, మీట. 6031, మీట. 5357, మీట... అలా పదహారు అంకెలు. అప్పటి ఆపరేటర్లకు ఇవి ఎక్కం కింద లెక్క. అవి పడ్డాక టెలిటైప్ సెకనుకు పది అక్షరాల చొప్పున టేపును చదవడం మొదలుపెడుతుంది. మెమరీ మొత్తం నిండాలంటే దాదాపు 14 నిమిషాలు, గదంతా టకటకలు. ఆ పదహారు అంకెల మీద వేరే ప్రోగ్రాము ఏదీ వచ్చి పడకపోతే, స్విచ్ కట్టేసి ఇంటికెళ్లి మర్నాడు వచ్చినా అవి ఉంగరాల్లో అలాగే ఉంటాయి. మళ్లీ 7756 దగ్గర్నుంచి మొదలుపెట్టక్కర్లేదు.