పడిశం పిల్లలు, అంగన్‌వాడీ గది

అంగన్‌వాడీకి పోయినప్పటి నుంచే బిడ్డకు పడిశం తగులుకుందని నందవరం, ఎమ్మిగనూరు పల్లెల్లో అవ్వలు అంటుంటారు. ఆ మాట నిజమే. ఒకరు చీదిన చేత్తో పట్టుకున్న బొమ్మను ఇంకొకరు నోట్లో పెట్టుకునే గదిలో వైరస్‌కు అడ్డేముంటుంది?

అయితే అమెరికాలోని టూసాన్‌లో పిల్లలను పుట్టినప్పటి నుంచి పదమూడేళ్ల దాకా గమనించిన పరిశోధకులు 2002లో ఇంకో సంగతి చెప్పారు. చిన్నప్పుడే పెద్ద శిశు సంరక్షణ కేంద్రాలకు వెళ్లిన పిల్లలకు రెండేళ్ల వయసులో జలుబులు ఎక్కువే. ఆరు నుంచి పదకొండేళ్ల మధ్య మాత్రం, ఇంటిపట్టున పెరిగిన వాళ్లకంటే వాళ్లకే తక్కువ. పదమూడేళ్లకు ఆ తేడా పోయింది.

అలాగని ప్రతి క్రిమినీ ఆహ్వానించలేం. పసిపిల్లల నీళ్ల విరేచనాలకు ముఖ్య కారణమైన రోటావైరస్ కొద్దిపాటి కణాలతోనే అంటుకుంటుంది. దానికి విరుగుడు కూడా పసిపిల్లల గదిలోనే దొరకడం విశేషం. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన శిశువులకు ఒక రోటావైరస్ సోకినా జబ్బు చేయలేదు. పైగా తర్వాత వచ్చే తీవ్ర విరేచనాల నుంచి వాళ్లకు రక్షణ దొరికింది. డాక్టర్ ఎం.కె. భాన్ బృందం గుర్తించిన ఆ 116ఇ రకం నుంచే హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ రోటావాక్ తయారుచేసింది. 2016లో ప్రభుత్వ టీకాల్లో దాన్ని మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాలకు నోట్లో చుక్కలుగా వేస్తారు. అయినా అది అన్ని విరేచనాలనూ ఆపదు.

మిగతావాటిని చాలావరకు ఆపగలిగేది కడిగిన చేయి. పిల్లవాడి ముడ్డి కడిగిన చేతిని సబ్బుతో రుద్దుకోకుండా అదే చేత్తో గుడ్డు ఒలిస్తే, మిగతా జాగ్రత్తలన్నీ వృథా. నోరోవైరస్ లాంటివి శానిటైజర్‌కు అంతగా లొంగవు కాబట్టి సబ్బూ నీళ్లే మేలు. తాగే నీళ్ల కుండలో గ్లాసు ముంచకుండా పొడవు కాడ గరిటె వాడాలి.

ముక్కు కారుతున్న ప్రతి బిడ్డనూ ఇంటికి పంపేయడంలో పెద్దగా ఫలితం లేదు. ముక్కు కారకముందే వైరస్ పాకుతుంది, పైగా కూలికి పోయే తల్లికి ఆ రోజు కూలి పోతుంది. బిడ్డకు ఆడుకునే ఓపిక ఉంటే రానివ్వవచ్చు. జ్వరం, విరేచనాలు, తట్టు అయితే ఇంట్లోనే ఉంచాలి. తట్టు దద్దుర్లకు నాలుగు రోజుల ముందు నుంచి నాలుగు రోజుల తర్వాత దాకా అంటుకుంటుంది. చేతులు, కాళ్లు, నోటి దగ్గర పొక్కులు వచ్చే జబ్బులో పొక్కులు మానాక కూడా వారాల తరబడి మలంలో వైరస్ ఉంటుంది. అక్కడా చేతులు కడగడమే దిక్కు.

విరేచనాలు మొదలైతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం కలిపి, కొంచెం కొంచెంగా తాగించాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 14 రోజులు ఇవ్వాలి. విరేచనాలు తగ్గాయని మధ్యలో మానేసే ఇళ్లు చాలా ఉంటాయి. మానకూడదు.

ఈ ప్రాంతానికి ఉన్న ఇంకో ఇబ్బంది సుగ్గి, అంటే కూలి పనుల కోసం వెళ్లే వలస. ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి గుంటూరు మిరప చేలకు, పత్తి చేలకు కుటుంబాలు కదిలినప్పుడు పిల్లలూ వెంట వెళ్తారు. 16 నుంచి 24 నెలల మధ్య పడాల్సిన తట్టు టీకా రెండో డోసు అలాంటప్పుడే తప్పిపోతుంది. వెళ్లిన ఊళ్లోనూ టీకా ఉచితమే. ఏ డోసు పడిందో, ఏది మిగిలిందో అక్కడి ఏఎన్ఎంకు తెలియాలంటే తల్లీబిడ్డల కార్డు మూటలో వెంట పోవాలి. కుటుంబం సుగ్గికి బయలుదేరే ముందు అంగన్‌వాడీ టీచరమ్మ అడగాల్సిన మొదటి సంగతి ఆ కార్డే.